బలిపీఠము నొద్ద విడిచిన కానుక

(డయొసీసు శతవార్షికోత్సవ కుటుంబ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవ దినములలో మనము అనేకులను జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఎండనక వాననక గ్రామ గ్రామము తిరిగిన సువార్తికులను, ప్రొద్దు గ్రుంకిన తరువాత లాంతరు వెలిగించి పెద్దలకు అక్షరములు నేర్పిన ఉపదేశులను, వంటకు కొలుచుకొన్న బియ్యములోనుండి పిడికెడు తీసి దాచి గుడికి ఇచ్చిన తల్లులను జ్ఞాపకము చేసికొనుచున్నాము. అది న్యాయమే. అయితే పెద్దలు నేడు మాకు అప్పగించిన అంశము వేరు. విడిపోయిన తోడబుట్టినవారితో సమాధానపడుట. ఇది ఉత్సవమునకు తగిన మాటయేనా అని మేము మొదట సందేహించితిమి. తరువాత మా పాస్టరేటు కుటుంబముల పట్టీ తెరచి ఒక్కొక్క పేరు చదివితిమి. చదువగా చదువగా మా సందేహము పోయెను.

బాప్తిస్మపు పుస్తకములో ఒకే తండ్రి పేరు క్రింద వ్రాయబడినవారు గుడిలో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చుందురు. ఒకరు ముందు ద్వారమున పోయినచో మరియొకరు ప్రక్క ద్వారమున పోవుదురు. గృహ ప్రార్థన జరుగు ఇంటికి గోడ అవతల అన్న ఇల్లుండును. పాట వినబడును గాని మనిషి రాడు. పెండ్లి శుభలేఖను అయ్యగారి చేతికిచ్చి, "మీరే ఇచ్చేయండి, మాకు మాటలు లేవు" అందురు. కడపటికి సమాధుల తోటలో కలిసికొందురు. అక్కడ ఒకరు పెట్టెలో ఉందురు, మరియొకరు పెట్టెమీద పడి ఏడ్చుదురు.

కారణమేమని అడిగినచో గట్టు, గోడ, తల్లి నగలు, ఆసుపత్రి ఖర్చు, ఇచ్చిన కట్నము, తీర్చని అప్పు అని చెప్పుదురు. అవన్నియు నిజమే. కాని కొంతసేపు కూర్చుండి వినినచో వాటి అడుగున ఒక మాట ఉండును. ఎప్పుడో, ఎవరి యెదుటనో అన్న మాట. గజము నేల తిరిగి ఇచ్చినను ఆ మాట మానదు.

ఇది పరులను గూర్చి చెప్పుట సులువు. మేము మా సంగతియే చెప్పవలసియున్నది.

మా నాయన ఉపదేశి. మేము ముగ్గురము బిడ్డలము. అక్క, అన్న, తరువాత కడగొట్టు మేము. నాయన జీతము ఇంటికి చాలదు గనుక అన్న పదవ తరగతితో చదువు మాని రైసుమిల్లులో చేరెను. మొదట బస్తాలు మోసెను, తరువాత గుమాస్తా ఆయెను. మేము వేదాంత కళాశాలకు వెళ్ళినప్పుడు ఫీజు డయొసీసువారు కట్టిరి. పుస్తకములకు, బట్టలకు, రైలు చార్జీలకు అన్న నెలనెలా 300 రూపాయలు మనియార్డరు పంపెడివాడు. కూపనుమీద ఎప్పుడును ఒకే మాట వ్రాసెడివాడు: "బాగా చదువు."

2010లో నాయన ప్రభువునందు నిద్రించెను. జ్ఞాపకార్థ కూటము ముగిసిన సాయంకాలము సంఘ పెద్దల యెదుట ఆస్తి మాట వచ్చెను. ఆస్తి యనగా ఒక పెంకుటిల్లు, ఎకరమున్నర మెట్ట. అన్న, "ఇల్లు నాకుండనీ. అమ్మను చూసుకునేది నేనే. వాడి చదువుకు పెట్టింది కూడా నేనే గదా" అనెను. అందులో కోపము లేదు, దౌర్జన్యము లేదు. కాని అప్పటికి మేము గురుపట్టము పొంది కొలది సంవత్సరములే. పెద్దల కన్నులలో చిన్నబోయినట్లు మాకు తోచెను. "నన్ను చదివించింది డయొసీసు, నువ్వు కాదు. చట్ట ప్రకారం సగం సగం" అంటిమి.

అన్న మరి మాటాడలేదు. చెప్పులు వేసికొని బయటికి పోయెను. ఆ ఆదివారము మొదలుకొని గుడికి రావడము మానెను. 2015లో అమ్మ మరణించినప్పుడు పెట్టెకు ఒక ప్రక్క ఆయన, ఒక ప్రక్క మేము నిలుచుంటిమి. మన్ను వేసి ఎవరి త్రోవన వారు పోతిమి. మొత్తము 11 సంవత్సరములు మాటలు లేవు.

ఆ 11 సంవత్సరములలో మేము క్షమాపణను గూర్చి ఎన్నో ప్రసంగములు చేసితిమి. మా స్వంత ప్రార్థనలో, "ప్రభువా, మా అన్న హృదయమును మార్చుము" అని అడుగుచునే యుంటిమి. మా హృదయమును గూర్చి అడిగినట్లు జ్ఞాపకము లేదు.

2021లో మా పాస్టరేటులో ఇద్దరు అన్నదమ్ములకు నడిమి గోడ విషయమై తగాదా వచ్చెను. పెద్దవాడు మాయొద్దకు వచ్చినప్పుడు, ఎప్పటివలెనే వాక్యము తెరచి, "మీరు పెద్దవారు, మీరే ముందు వెళ్ళండి" అని చెప్పితిమి. ఆయన చేతులు కట్టుకొని వినెను. లేచునప్పుడు, "అయ్యగారూ, తమరికి తోడబుట్టినవాళ్ళు ఉన్నారా? ఏ ఊళ్ళో ఉంటారు?" అని అడిగెను. అది ఎత్తిపొడుపు కాదు, మామూలుగా అడిగిన మాట. ఊరి పేరు చెప్పితిమి. అంతకు మించి చెప్పుటకు మాయొద్ద ఏమియు లేకపోయెను. అన్న పిల్లలు ఏమి చదువుచున్నారో మాకు తెలియదు. ఆయన ఇంకను మిల్లులోనే ఉన్నాడో మానెనో తెలియదు.

ఇక్కడనుండి మూడు ప్రశ్నలు మీ యెదుట ఉంచెదము.

మొదటిది: ఎవరు వెళ్ళవలెను?

మత్తయి సువార్త 5వ అధ్యాయము 23, 24 వచనములను మరల నెమ్మదిగా చదువుడి. మేము ఆ భాగమును ఎన్నిసార్లో బోధించితిమి గాని తలక్రిందులుగా చదివితిమి. నీకు నీ సహోదరునిమీద కోపమున్నదా అని ప్రభువు అక్కడ అడుగలేదు. నీ సహోదరునికి నీమీద ఏమైన ఉన్నదా అని అడుగుచున్నాడు. మనకు బాధ కలిగించినవారి లెక్క మనకు కంఠస్థముగా నుండును. మనవలన బాధపడినవారి లెక్క మనము వ్రాసికొనము. బలిపీఠమునొద్ద జ్ఞాపకము రావలసినది ఆ రెండవ లెక్క.

ఇంకొక సంగతి. ఆ మాట మొదట వినినవారు గలిలయవారు. బలిపీఠమున్నది యెరూషలేములో. గలిలయనుండి అక్కడికి మూడు నాలుగు దినముల నడక. సహోదరుడు ఇంటియొద్దనే ఉన్నచో, కానుకను అక్కడనే విడిచి, అంత దూరము తిరిగి పోయి, సమాధానపడి, మరల అంత దూరము రావలెను. అంత ప్రయాసయైనను ముందు అదియే అని ప్రభువు సెలవిచ్చెను. మనకైతే బస్సున్నది, చేతిలో ఫోనున్నది. మా ఫోనులో అన్న నంబరు 11 సంవత్సరములు ఉండెను.

మన దక్షిణ ఇండియా సంఘపు ప్రభురాత్రి భోజన క్రమము 1950లో సిద్ధపరచబడినప్పుడు, కానుక అర్పించుటకు ముందు సమాధానము ఇచ్చిపుచ్చుకొను ఆచారమును అందులో చేర్చిరి. గురువు చేతులనుండి ఆరంభమై అది ఒకరి చేతులనుండి ఒకరి చేతులలోనికి వరుస వెంబడి గుడి చివరివరకు పోవును. ముందు సమాధానము, తరువాత కానుక. ప్రభువు చెప్పిన వరుస అదే. నెలనెలా ఆ సమాధానమును మా చేతులతో మొదలుపెట్టి పంపుచు వచ్చితిమి. మా అన్న చేతిని మాత్రము 11 సంవత్సరములు పట్టుకొనలేదు.

అవతలివాడు తప్పు చేసినను వెళ్ళవలసినది మనమే అని మత్తయి 18:15 చెప్పుచున్నది. తప్పు చేసినవాడును లేవవలెను, తప్పు పడినవాడును లేవవలెను. పెద్దవాడా చిన్నవాడా అను ప్రశ్న అక్కడ లేదు. ఎవరికి జ్ఞాపకము వచ్చెనో వారే వెళ్ళవలెను.

రెండవది: ఏమి తీసికొని వెళ్ళవలెను?

ఆదికాండము 32, 33 అధ్యాయములలో యాకోబు 20 సంవత్సరముల తరువాత అన్నయైన ఏశావును కలిసికొనుటకు తిరిగి వచ్చుచున్నాడు. ఏశావు 400 మందితో వచ్చుచున్నాడని వినగానే భయపడి తన జనమును రెండు గుంపులుగా విభజించెను. ఒక గుంపు పోయినను మరియొకటి మిగులునని లెక్క. మేకలు, గొఱ్ఱెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి, ఒంటె పిల్లలను లెక్కింపకయే 550 పశువులను ముందుగా పంపెను. తాను మాత్రము వెనుక నిలిచెను. ఆ రాత్రి యబ్బోకు రేవునొద్ద పెనుగులాట జరిగెను. తెల్లవారిన తరువాత కుంటుచున్న యాకోబు అందరికంటె ముందుగా తానే నడిచెను. ఏడు మారులు నేలవరకు వంగెను.

అక్కడ ఒక మాట గమనింపవలెను. 33:11లో మన తెలుగు బైబిలునందు కానుక అని ఉన్న చోట హెబ్రీ మూలములో ఉన్న మాట బెరాకా, అనగా ఆశీర్వాదము. 27వ అధ్యాయములో తండ్రి కన్నులు కానరాని వేళ యాకోబు అన్ననుండి అపహరించినది ఆ బెరాకాయే. ఇప్పుడు దానినే పుచ్చుకొమ్మని బ్రతిమాలుచున్నాడు. పశువులమంద బహుమానము. అపహరించినదానిని ఒప్పుకొని తిరిగి చేతిలో పెట్టుట సమాధానము. మనలో అనేకులము బహుమానములు పంపుదుము. పండుగకు మిఠాయి, పిల్లలకు బట్టలు పంపుదుము. తీసికొన్నదానిని గూర్చి మాత్రము నోరు తెరువము.

మేము అన్ననుండి తీసికొన్నది నేల కాదు. ఒక రాత్రి పాత పుస్తకముల పెట్టె తీసినప్పుడు హెబ్రీ వ్యాకరణ పుస్తకములో ఆ మనియార్డరు కూపనులు దొరికెను. పుటలకు గుర్తుగా పెట్టుకొన్నవి, 19 ఉన్నవి. డయొసీసు ఫీజు కట్టినమాట నిజమే. కాని పెద్దల యెదుట మేము చెప్పినది అబద్ధము. ఆయన యౌవనమంతయు బస్తాల క్రింద గడిపి మాకిచ్చినదానిని ఒక్క మాటతో లేకుండ చేసితిమి. మేము తీసికొన్నది అదియే, తిరిగి ఇయ్యవలసినది అదియే.

మా గృహిణి, "మీరు అయ్యగారిలాగా వెళ్ళకండి, తమ్ముడిలాగా వెళ్ళండి. పోగానే ప్రార్థన చేద్దాం అనకండి" అని చెప్పెను. మేము చేయదలచినది సరిగా అదే. ఒక శనివారము ఇద్దరము బస్సు దిగి నడచి వెళ్ళితిమి. అన్న అరుగుమీద కూర్చుండియుండెను. రమ్మనలేదు, పొమ్మనలేదు. వదిన చెంబుతో నీళ్ళు తెచ్చెను. "అన్నా, ఆ రోజు పెద్దల ముందు నేనన్న మాట అబద్ధం. నన్ను చదివించింది నువ్వే" అని చెప్పి కూపనులను ఆయన ప్రక్కన పెట్టితిమి. ఒకటి తీసి చూచెను. "ఇంకా దాచావా?" అనెను. కొంతసేపటికి లేచి, "గేదెకు నీళ్ళు పెట్టాలి" అని దొడ్డిలోనికి పోయెను. మరల రాలేదు. వదిన ఇచ్చిన టీ త్రాగి వచ్చితిమి. అంతే.

దాచకుండ చెప్పెదము. తిరుగు బస్సులో మా మనస్సు నొచ్చుకొనెను. ఏశావు పరుగెత్తివచ్చి కౌగిలించుకొనునని ఆశ పెట్టుకొని పోయితిమి కాబోలు. 11 సంవత్సరములు ఆయనను కాచుకొననిచ్చి, మేము గంటసేపు కాచుకొనలేకపోతిమి.

మూడు వారములకు మరల వెళ్ళితిమి. ఈసారి అన్న మాటలాడెను. రెండు గంటలు మాటలాడెను. అమ్మ కంటి ఆపరేషను, కారుచున్న ఇంటికి మార్పించిన పెంకులు, నాయన మందులకు చేసిన అప్పు, మేము రాని పండుగలు అన్నియు వరుసగా చెప్పెను. ప్రతిదానికి మాయొద్ద ఒక జవాబు ఉండెను. కొన్ని నాలుక చివరివరకు వచ్చెను. మ్రింగితిమి. ప్రియులారా, సమాధానపడుటలో కష్టమైనది క్షమాపణ అడుగుట కాదు. అడిగిన తరువాత ఊరకుండి వినుట.

మూడవసారి ముగ్గురము అక్క ఇంట కూర్చుంటిమి. ఇక అంతయు చక్కబడెనని మేమిద్దరము తలంచుచుండగా అక్క నోరు తెరచెను. "మీ ఇద్దరూ సగం సగం అని కొట్టుకున్నారు. నేను నాయన కడుపున పుట్టలేదా? అప్పుడు అమ్మ బతికే ఉంది గదా, అమ్మనైనా అడిగారా?" అనెను. మేమిద్దరము తలలు వంచుకొంటిమి.

చట్ట ప్రకారమని గట్టిగా పలికిన మేము ఆ చట్టమును చదివియుండలేదు. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేకుండ తండ్రి మరణించినచో విధవరాలైన తల్లికి మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు కుమారులకు కుమార్తెలకు సమానముగా చెందును. కట్నమిచ్చితిమి గదా అని కుమార్తె హక్కు తీరిపోదు. మా సగము సగము లెక్కలో తల్లియు లేదు, అక్కయు లేదు. లూకా 12:13-15లో స్వాస్థ్యము పంచుమని అడిగినవానికి ప్రభువు తీర్పరిగా నుండుటకు ఒప్పుకొనక, లోభమును గూర్చి హెచ్చరించెను. ప్రభువు కూర్చుండనొల్లని ఆసనముమీద మేము కూర్చుంటిమి, తప్పు తీర్పు చెప్పితిమి.

కడపటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో కాగితములు వ్రాసికొంటిమి. ఇల్లు అన్నకు, పొలము అక్కకు అన్నకు చెరిసగము. మా వంతు మేము విడిచిపెట్టితిమి. ఇది త్యాగమని చెప్పుట లేదు. తిన్న అన్నమునకు ఆలస్యముగా ఒప్పుకొన్న లెక్క ఇది. అందరును ఇట్లే చేయవలెననియు చెప్పుట లేదు. ముఖ్యముగా, సమాధానము పేరు చెప్పి ఆడబిడ్డచేత హక్కు వదులుకొన్నట్లు సంతకము చేయింపకుడి. న్యాయమును పాతిపెట్టి దానిమీద కట్టిన సమాధానము నిలువదు.

మూడవది: ఎంతవరకు వెళ్ళవలెను?

ఏశావు యాకోబును కౌగిలించుకొని ఏడ్చిన తరువాత, కలిసి పోవుదమనెను. యాకోబు, బిడ్డలు పసివారు, మందలు బడలినవి, నీవు ముందు సాగుమని చెప్పెను. ఏశావు శేయీరునకు పోయెను, యాకోబు సుక్కోతునకు పోయెను. ఒకే ఊరిలో కాపురముండలేదు. మరల వారిద్దరు కలిసి కనబడునది 35వ అధ్యాయము చివర, తండ్రియైన ఇస్సాకును పాతిపెట్టునప్పుడు. సమాధానపడుట యనగా మునుపటివలె ఒకే పొయ్యిమీద వండుకొనుట కాదు. కొందరికి దూరముగా నుండి క్షేమము కోరుటయే సమాధానము. తండ్రి సమాధియొద్ద ఇద్దరును ఒకే ప్రక్క నిలుచుండగలిగిరి, అది చాలును.

కొట్టుట, త్రాగుడు, బెదిరింపు ఉన్న ఇంటికి ఒంటరిగా పొమ్మని మేము చెప్పుట లేదు. క్షమించుట వేరు, అపాయములోనికి తిరిగి పోవుట వేరు. అట్టివారు పెద్దలను వెంటబెట్టుకొని వెళ్ళవలెను. లేదా ఇంటనుండియే ప్రార్థింపవలెను. రోమా పత్రిక 12:18లో అపొస్తలుడు మనచేతనైనంత మట్టుకే మనలను బాధ్యులనుగా చేసెను. అవతలి తలుపు మన చేతిలో లేదు. కాని మన తలుపు గడియ తీసి ఉంచుట మన చేతిలోనిదే.

ఈ ఉత్సవ దినమున ఒక చరిత్ర చెప్పి ముగించెదము. మన సంఘములును ఒకప్పుడు విడిపోయిన తోడబుట్టినవారే. ఒకే ప్రభువును ఆరాధించుచు ఒకే బల్లయొద్ద చేరలేకపోయిరి. 1919లో తరంగంబాడిలో కొందరు గురువులు కూడి ఐక్యతను గూర్చి మాటలు మొదలుపెట్టిరి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు వారిలో ముఖ్యులు. ఆ మాటలు 28 సంవత్సరములు సాగెను. అపార్థములు, అలుకలు, నిలిచిపోయిన సభలు ఎన్నో. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కతీడ్రలులో ఐక్యత నెరవేరెను. అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. తాము ప్రయాసపడిన దినమును తాము చూడలేదు. అప్పటికిని నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో అనేకులు చేరలేదు. 1970వ దశకములో ఆ డయొసీసు వచ్చి చేరెను. తలుపు మూయనందున వారు రాగలిగిరి. విత్తినవాడే కోయవలెనను నియమము లేదు.

మా ఇంటి సంగతి ఇప్పుడెట్లున్నదని మీరు అడుగవచ్చును. అక్క కుమార్తె పెండ్లిలో అన్నయు మేమును ఒకే పంక్తిని భోజనము చేసితిమి. పండుగకు ఫోను చేయుదుము, ఆయన ఎత్తును. గుడికి మాత్రము ఇంకను రాలేదు. మా నోటి మాటవలన వెళ్ళినవాడు గనుక, రమ్మని తొందరపెట్టుటకు మాకు నోరు రాదు. వేచియున్నాము.

ప్రియులారా, వచ్చు ఆదివారము బల్లయొద్దకు వచ్చునప్పుడు, సమాధానము మీ చేతులలోనికి వచ్చునప్పుడు, ఒక్క క్షణము ఆగి, మనవలన నొచ్చుకొన్న తోడబుట్టినవారి పేరు తలచుకొందము. ఆరాధనయైన తరువాత ఇంటికి పోకముందే ఒక ఫోను చేయుదము, లేదా ఒక బస్సు ఎక్కుదము. అవతలివారి తప్పు వెంట తీసికొని పోవద్దు, మన తప్పు మాత్రము తీసికొని పోవుదము. పిలిచినను పిలువకపోయినను ఇచ్చిన నీళ్ళు త్రాగి వత్తము. మరల వెళ్ళుదము. సమాధుల తోటలో చెప్పదలచిన మాటను వారు వినగలిగిన దినములలోనే చెప్పుదము.

నూరేండ్లు మనలను సహించి నడిపించిన ప్రభువు ఇట్టి కృపను మన గృహములన్నిటికి దయచేయును గాక. ఆమేన్.